స్నానాలగది జీర్ణోద్ధరణ పత్రం: సటీక, సతాత్పర్యం

అవతారిక

కాళిదాసుకి, మాఘుడికి టీకలు రాసిన కోలాచల మల్లినాథసూరి మన తెలుగువాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందుగానే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి ఆ ఒట్టులో మొదటి సగం శిరోధార్యం. రెండో సగాన్ని పాటిస్తే పండితుడన్నవాడు నోరు విప్పే వీలుండదు గనుక దాన్ని మహానుభావులకే వదిలేయడమైనది.

వ్యాఖ్యానించబోయే మూలగ్రంథం ఒక్క పేజీ; కొలతలూ ధరలూ వదిలి పాఠం మాత్రం కింద ఇవ్వడమైనది. గ్రంథకర్త ఒక ఇంటీరియర్ డిజైనరుగారు. రచనాస్థలం గౌతమి ఒడ్డున జొన్నాడ, మా వీధి అరుగు. శాస్త్రగ్రంథం అన్నాక విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు అనుబంధాలు చెప్పాలి. విషయం, మా ఇంటి స్నానాలగది. ప్రయోజనం, 2027 గోదావరి పుష్కరాలకి చుట్టాలు దిగేలోగా దాన్ని బాగుచేయించడం. నదిలో మునగడానికి వచ్చేవాళ్ల కోసం ఇంట్లో కుళాయిలు మార్చడమేమిటని శంక. 2015 జూలైలో పన్నెండు రోజులూ రేవులో మునిగి వచ్చిన ప్రతివాళ్లూ ఇసక కడుక్కోవడానికి ఈ గది ముందే వరస కట్టారని సమాధానం. సంబంధం, డబ్బు మాది, ఆలోచన వారిది. ఇక అధికారి, అంటే ఈ గ్రంథం వల్ల మేలు పొందవలసిన మనిషి, ఏడాది పొడుగునా ఆ గదిలో స్నానం చేసే మా అమ్మ. ఎనభై దాటాయి. మూలంలో ఆవిడ ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ సంగతి తరవాత.

మూలం

కాంపాక్ట్ లగ్జరీ వాష్‌రూమ్. ఎగ్జిస్టింగ్ టబ్ రిమూవల్. వెట్ అండ్ డ్రై జోనింగ్ విత్ గ్లాస్ పార్టిషన్. ఓవర్‌హెడ్ రెయిన్ షవర్. వాల్ హంగ్ క్లోసెట్ విత్ కన్సీల్డ్ సిస్టర్న్. టూ బై ఫోర్ గ్లాసీ టైల్స్. టోటల్ స్పా ఫీల్. జీఎస్టీ ఎక్స్‌ట్రా.

పాఠ పరిష్కారం

చివరి వాక్యం ప్రక్షిప్తమని ఇంటి యజమాని వాదించాడు. శైలి వేరుగా ఉందన్నాడు. కాగితం మీదా, వాట్సాప్‌లోనూ, మెయిల్‌లోనూ మూడు ప్రతుల్లో ఒకే పాఠం కనిపిస్తోంది గనుక అది కవి రాసిందేనని ఒప్పుకోక తప్పదు. నిజానికి గ్రంథం మొత్తంలో అర్థసందేహం లేని వాక్యం అదొక్కటే.

టీక

కాంపాక్ట్: సుగమం. లగ్జరీ: సుగమం. రెండూ పక్కపక్కన ఎలా నిలబడ్డాయన్నదే దుర్గమం. గది లోపలి కొలత నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. స్నానాలగదీ మరుగుదొడ్డీ కలిపి కడితే 2.8 చదరపు మీటర్లకి తగ్గకూడదని, వెడల్పు 1.2 మీటర్లయినా ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అనే ఆధునిక స్మృతి. మనది 2.23 చదరపు మీటర్లు. వైశాల్యంలో తప్పాం, వెడల్పులో ముప్పాతిక అంగుళం తేడాతో గట్టెక్కాం. 81 పదాల, అంటే గళ్ల, వాస్తు మండలాన్ని ఇందులో గీస్తే ఒక్కో పదం 43 చదరపు అంగుళాలైనా ఉండదు. మగ్గు పడుతుంది, బకెట్టు పట్టదు. అందులో 45 మంది దేవతలు కొలువుండాలి. మా అమ్మ కూర్చునే పీటకి చోటెక్కడో మయుడే చెప్పాలి.

ఇక్కడ అలంకారం అధికం. ఆధారం కన్నా అందులో ఉండేది పెద్దదని వర్ణిస్తే అధికాలంకారం. ప్రళయకాలంలో లోకాలన్నీ పట్టిన కృష్ణుడి శరీరంలో, నారదుడు వచ్చాడన్న సంతోషం పట్టలేదని మాఘుడు చెప్పింది దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇరవైనాలుగు చదరపు అడుగుల్లో షవరు, అద్దం, కమోడు, స్పా పట్టించిన మన కవి మాఘుడికి ఒక మెట్టు పైనే. మాఘుడు ఒక్క సంతోషాన్నే మిగిల్చి బయట పెట్టాడు. వీరు మనుషుల్నే పెట్టారు.

ఎగ్జిస్టింగ్ టబ్ రిమూవల్: టబ్ అనగా గాబు. దీనిపై వ్యాఖ్య చివర.

వెట్ అండ్ డ్రై జోనింగ్: గదిని అడ్డంగా కోసి, నడుమ గాజుపలక నిలబెట్టి, ఇటు తడి, అటు పొడి అనడం. శశవిషాణం, ఖపుష్పం అని తార్కికులు లేనివాటికి ఉదాహరణలిస్తారు. కుందేటి కొమ్ము, ఆకాశంలో పువ్వు. మూడోదిగా ఆరడుగుల గదిలో డ్రై జోన్‌ని చేర్చుకోవచ్చు. చెంబుతో నీళ్లు పోసుకునే ఇంట్లో ఒక్క చెంబు భుజం మీద పడితే నీళ్లు ఎంతదూరం చిమ్ముతాయో ఎవరికి తెలియదు? తలుపు దాటి చెప్పుల దాకా వస్తాయి.

కాగితం మీద గీత గీస్తే నీళ్లు మాట వింటాయన్న నమ్మకం డిజైనరుగారి సొంతం కాదు. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్నది కోనసీమ. జొన్నాడ గౌతమికి ఇవతల. వంతెన దాటి రావులపాలెంలో దిగితేగానీ కోనసీమలో కాలు పెట్టినట్టు కాదని మా చిన్నప్పటి భూగోళం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు మా ఆలమూరు మండలాన్ని కోనసీమ జిల్లాలో చేర్చారు. ఊరు అంగుళం కదల్లేదు, నది పక్కకి జరగలేదు, మేం మాత్రం కోనసీమవాళ్లం అయిపోయాం. ఆ ఏడాది జూలైలోనే ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఎగరేస్తారు. నీటిమట్టం దాన్ని దాటి పోయింది. లంక గ్రామాల్లో నీళ్లు ఏ జోను తడిది, ఏ జోను పొడిది అని చూసుకుని వెళ్లలేదు.

రెయిన్ షవర్: ఇక్కడ కొంత విస్తరించక తప్పదు. ధర్మశాస్త్రాల్లో స్నానాలు ఏడు. ఆపోహిష్ఠాది మంత్రాలతో నీళ్లు చల్లుకుంటే మాంత్రం. మట్టి పూసుకుంటే భౌమం. విభూతి పూసుకుంటే ఆగ్నేయం. ఆవుల గిట్టల ధూళి ఒంటిమీద పడితే వాయవ్యం. ఎండ కాస్తుండగా కురిసే వానలో తడిస్తే దివ్యం. నీట మునిగితే వారుణం. కదలకుండా కూర్చుని విష్ణువుని ధ్యానిస్తే మానసం.

ఏడింటినీ మా ఊరికి సమన్వయిద్దాం. భౌమానికి లోటు లేదు, లంక ఒండ్రుమట్టి కావలసినంత. వాయవ్యం కష్టం. హైవే ధూళి ఉంది, ఆవులు లేవు. లారీ టైర్ల ధూళికి గోధూళి ఫలం వస్తుందో లేదో స్మృతికర్తలు తేల్చలేదు. ఆ ఫలమే వస్తే జొన్నాడ వంతెన దగ్గర టీకొట్టు నడిపేవాడి కన్నా పుణ్యాత్ముడు ఆంధ్రదేశంలో ఉండడు. వారుణానికి వీధి చివర గౌతమి ఉండనే ఉంది. అందులోనూ తారతమ్యం. బావి దగ్గర తోడి పోసుకున్నదాని కన్నా చెరువు, చెరువు కన్నా నది మేలంటారు. ఇలా చూస్తే బకెట్టు స్నానం అట్టడుగున ఉంటుంది. ఆవిరి పట్టిన అద్దం ముందు చేసే స్నానం లెక్కలోకే రాదు.

ఇవి కాక నిత్యం, నైమిత్తికం, కామ్యం, క్రియాంగం, మలాపకర్షణం, క్రియాస్నానం అని ఇంకో ఆరు. రోజూ చేసేది నిత్యం. గ్రహణానికో పురిటికో చేసేది నైమిత్తికం. ఫలం కోరి చేసేది కామ్యం. యజ్ఞాదుల ముందు చేసేది క్రియాంగం. పుణ్యతీర్థంలో స్నానమే కర్మగా చేసేది క్రియాస్నానం. ఒళ్లు మురికి వదలడానికి చేసేది మలాపకర్షణం. సబ్బు కంపెనీలన్నీ ఈ ఆఖరిదాన్నే పట్టుకు బతుకుతున్నాయి. భోగినాడూ నరకచతుర్దశినాడూ నువ్వులనూనె అంటి, సున్నిపిండి నలుగు పెట్టి, కాగులో మరిగిన నీళ్లు కలిపి పోసే తలంటి ఈ ఆరింటిలో ఏ గదిలోకి వస్తుందని ఒక పండితసభలో గంటసేపు వాదం జరగవచ్చు. నిత్యంలో చేర్చేవారు పండగని మరిచారు. మలాపకర్షణంలో చేర్చేవారు తలంటి పోసిన అమ్మమ్మ చేతిని మరిచారు. ఆ చెయ్యి నడినెత్తి మీద నూనె కొడుతుంటే వచ్చిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. కళ్లలో కుంకుడు పులుసు పడితే నోట్లో కాస్త ఉప్పు వేసేది. మంట తగ్గేది కాదు గానీ, ఏడుపు ఆగేది.

ఏమి చెబుతున్నాను? రెయిన్ షవర్. ఎండ లేకుండా ఇంట్లో వాన కురిపిస్తే దివ్యస్నానం కాదు. వానైనా అవుతుందా అంటే అదీ సందేహమే. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. మా ట్యాంకు డాబా మీద దిమ్మె పైన ఉంది. షవరు మూతికీ ట్యాంకు అడుగుకీ నడుమ ఒకటిన్నర మీటరు. ట్యాంకు అడుగంటే వేళకి ఒత్తిడి బార్‌లో సుమారు ఏడోవంతే. పళ్లెమంత షవరులోంచి ఆ నీళ్లు వాన కురిసినట్టు కాదు, చూరు కారినట్టు పడతాయి. పంపు పెట్టించుకోవాలని డిజైనరుగారి ఉపదేశం. దాని ఖరీదు మూలంలో లేదు.

వాల్ హంగ్ క్లోసెట్: నేల తాకకుండా గోడకి వేలాడే ఆసనం. మా గోడ నాలుగున్నర అంగుళాలది. దాన్ని తొలిచి లోపల ఇనప చట్రమూ, నీళ్లతొట్టీ దాచలేరు. ముందు ఇంకో గోడ కట్టాలి. ఉన్న ఆరడుగుల్లో అర అడుగు దానికి పోతుంది. తొట్టి కారితే? సుగమం, అనగా టైల్సు పగలగొట్టాలి.

గ్లాసీ టైల్స్: నూనె ఒళ్లు, సున్నిపిండి, సబ్బు నురగ, అద్దంలా మెరిసే నేల. ఇక్కడ అలంకారం లేదు, రసం లేదు. తుంటి ఎముక ఉంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు బిళ్లలు ఈ గదిలో మూడు పరిస్తే నేల అయిపోతుంది. తాపీమేస్త్రి నమూనా బిళ్లని తిరగేసి చూసి అన్నాడు: "ఇంత బిళ్లకి తూమువైపు నాలుగు పక్కల్నుంచీ వాటం రాదండి. చిన్న బిళ్లలైతే రసమట్టం పెట్టి తలుపు నుంచి తూముకి అంగుళం దింపుతానండి. ఇదైతే నీళ్లు మూలకి చేరి నిలబడిపోతాయండి, ఆయ్." అతను మగ్గుతో నీళ్లు తెచ్చి పాత గచ్చు మీద పోశాడు. ఎటు పోతాయోనని గొంతుక్కూర్చుని చూశాడు. డిజైనరుగారు ఆ గచ్చుని ఫోటో తీసుకున్నారు. మేస్త్రి దాని మీద నీళ్లు ఎలా పారతాయో చూసుకున్నాడు.

స్పా ఫీల్: నేల మీద సంగతి కదా, నేల కింద ఏముంది? వరదల్లో ఇక్కడ భూగర్భజలం పైకి వచ్చేస్తుంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకడానికి చోటు ఉండదు. గోదావరి నిండుగా ఉన్న రోజుల్లో కమోడు బటన్ నొక్కితే నీళ్లు కిందికి దిగుతాయో, పైకి వస్తాయో చూసుకోవాలి. డెల్టాలో మరుగుదొడ్డి బాగుచేసేవాడు మొదట అడగవలసిన ప్రశ్న అది. గ్రంథకర్త అడగలేదు.

గాబు: మాట ఇచ్చాం గనుక ఇప్పుడు. తూర్పుగోడ నానుకుని, నడుమెత్తున, మా నాన్న కట్టించిన సిమెంటు తొట్టి. దాని కుడి అంచు ఒక జానెడు మేర నున్నగా అరిగింది. మా అమ్మ పీట మీద కూర్చుని పోసుకుని, లేచేటప్పుడు ఆ జానెడే పట్టుకుంటుంది. ఆ గదిలో ఆవిడకి దొరికే ఆసరా అదొక్కటే. మూలంలో కొట్టేయవలసిన మొదటి వస్తువు కూడా అదే.

ఆవిడ అడిగింది. "బాబూ, వాన సంగతి అటుంచు. లేవడానికి నాకేదైనా పట్టుకునేది పెడతావా?"

"అమ్మగారూ, గ్రాబ్ బార్ పెడితే లుక్ పోతుందండీ. ఆస్పత్రిలా ఉంటుంది."

ఈ వాక్యానికి టీక రాయడానికి ఈ టీకాకారుడికి శాంతం చాలడం లేదు. తలుపు సంగతి ఒక్కటి చూడండి. అది లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి జారి తలుపుకి అడ్డంగా పడితే బయటివాళ్లు తెరవలేరు. గాజుపలక మందం మిల్లీమీటర్లలో రాసిన పత్రంలో తలుపు ఎటు తెరుచుకోవాలో ఒక్క ముక్క లేదు.

తాత్పర్యం

చదివేవాడి జేబు బరువుని బట్టి గది వైశాల్యం పెరుగుతుందని గ్రంథకర్త హృదయం.

గాబు ఉంచేశాం. నేలకి గరుకు బిళ్లలు, అడుగు ఇంటూ అడుగువి, తెప్పించాం. మడతబందులు మార్చి తలుపు బయటికి తెరుచుకునేలా చేయడానికి వడ్రంగికి ఒక పూట పట్టింది. కమోడు పక్కన ఒకటి, గాబు పక్కన ఒకటి స్టీలు కడ్డీలు వేయించాం. అన్నిటికీ కలిపి కూడా ఆ పత్రంలో గాజుపలకకి వేసినంత కాలేదు.

డిజైనరుగారికి ఒక మనవి. తరవాతి ఇంట్లో టేపు తీసేముందు, ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిణ్ని పీట మీద కూర్చోబెట్టి, ఒకసారి లేచి చూపించమని అడగండి. కడ్డీ ఎంత ఎత్తున కావాలో అప్పుడు కొలుచుకోవచ్చు.