ఫోన్‌కి ఇంటి వైద్యం

ఫోన్ మొరాయించగానే షాపుకి పరిగెత్తేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఇంట్లో బియ్యం, పిన్నీసు, ఫ్రిజ్ ఉండగా మెకానిక్ ఎందుకండీ?

ముందు నీళ్లలో పడ్డ ఫోన్ సంగతి. పడేది ఎక్కువగా బాత్రూమ్‌లోనే కాబట్టి, ఎవరడిగినా వానలో తడిసిందనే చెప్పండి. తీసీ తీయగానే ఆన్ చేసి చూడండి. వెలిగిందా, ఛార్జింగ్ కూడా పెట్టేయండి. తడి మీద కరెంటు పారితే లోపల షార్టవుతుందని, ముందు ఆపేసి, ఛార్జింగ్ రంధ్రం కిందికి పెట్టి మెల్లగా తట్టి, గాలి తగిలేచోట ఆరనివ్వాలని కొందరంటారు. ఊరికే ఆరబెడితే మనమేదో చేస్తున్నట్టు ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది? అందుకే బియ్యం డబ్బాలో పాతిపెట్టాలి. అలా చేయొద్దని, నలుసులు లోపలికెళ్లి ఫోన్ పాడవుతుందని 2024లో ఆపిల్ కంపెనీ చెప్పింది. బ్రెడ్డు తినేవాళ్లా మనకి బియ్యం గురించి చెప్పేది! సోనామసూరి శ్రేష్ఠం. నూకలైతే రంధ్రంలో ఇరుక్కుంటాయి. పది నిమిషాలకోసారి బయటికి తీసి, ఆన్ చేసి చూసి, మళ్లీ పాతండి. ఫోన్ బతక్కపోయినా ఆ బియ్యం రాత్రికి వండుకోవచ్చు. బాత్రూమ్ మాట ఎత్తొద్దన్నది అందుకే.

ఇరుక్కున్న నూకకి, జేబులోంచి చేరిన నూలుపోగులకి అమ్మ గాజులకున్న పిన్నీసే మందు. ఫోన్ ఆపి, సన్నటి చెక్కపుల్లతో నెమ్మదిగా తీయడం ఓపికున్నవాళ్ల పని. పిన్నీసుతో ఒక్కసారి గట్టిగా గీకితే చెత్తతోపాటు లోపలి లోహపు కాళ్లు కూడా ఊడొస్తాయి. ఇక ఛార్జర్ కొనే ఖర్చు మిగిలినట్టే.

ఎండకి ఫోన్ కాలిపోతుంటే ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టండి. బయటికి తీశాక లోపల తేమ పడితే కంగారెందుకు, బియ్యం ఉందిగా.

బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తోందా? లోపల చేరింది గ్యాసే. మనకైతే వాము నమిలితే పోతుంది. ఫోన్‌కి వాము ఎక్కదు కాబట్టి రబ్బరు బ్యాండు బిగించి దిండు కింద పెట్టుకోండి. నొక్కుడికి లిథియం బ్యాటరీ అంటుకుంటే నిద్ర ఎలాగూ చెడుతుంది, కనీసం దోమలైనా పోతాయి.

ఖాళీ లేదని ఫోన్ గోల పెడితే వాట్సాప్‌లో పిన్ని పంపిన గుడ్ మార్నింగ్ పువ్వుల జోలికి వెళ్లకండి. అవి పోతే చుట్టరికం పోతుంది. కాంటాక్టులు తీసేయండి. ఫోన్ చేసినవాళ్లే పేరు చెబుతారు.

ఇవేవీ పనిచేయకపోతే కస్టమర్ కేర్. నంబరు కోసం ఫోన్ పెట్టె వెతకడం, కంపెనీ సొంత వెబ్‌సైట్ చూడడం పాత పద్ధతి. నెట్‌లో మొదట కనిపించిన సెల్ నంబరుకి చేయండి. అవతలాయన ఎంతో మర్యాదగా "సార్, ఈ చిన్న యాప్ వేసుకోండి" అంటాడు. అది మీ స్క్రీన్ ఆయనకి చూపించే యాప్. పాపం చూడనివ్వండి. ఓటీపీ అడిగితే ఒక్కో అంకె విడివిడిగా చెప్పండి, తప్పు రాసుకుంటాడేమో. ఖాతాలో డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చిందా? సైబర్ మోసాలకి 1930 అని ఒక నంబరుంది. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువట. అయినా తొందరెందుకు? పంచాంగం తీసి, వర్జ్యం దాటాక చేయండి.