కుక్కరుతో కొండెక్కిన సంసారం

వేసవి విడిది అనగా, మైదానపు ఎండకు తాళలేని గృహస్థు ఎండను మాత్రం ఊళ్లో వదిలి, తక్కిన ఇల్లంతా మూటగట్టుకొని, కొండ మీద నాలుగు రోజులు కాపురం పెట్టే ప్రక్రియ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతను ఏటా స్వయంగా పరీక్షించుకునే తెలుగువారు ఇందుకు చిరకాలంగా ఎంచుకుంటున్న స్థలం నీలగిరులలోని ఊటీ. అది సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నందువల్లనూ, ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది గనుకనూ, ఏడాది పొడుగునా బీరువాలో కలరా ఉండల మధ్య నిద్రించే స్వెటరుకు అక్కడ మే నెలలో ఉద్యోగం దొరుకుతుంది.

ఈ సంప్రదాయానికి ఆద్యులు తెల్లదొరలు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో ఈ కొండలెక్కి, ఆపై అక్కడే ఇల్లు కట్టి, చెరువు తవ్వించగా, 1870ల నాటికి మద్రాసు ప్రభుత్వమే వేసవి రాగానే గవర్నరుతో, గుమాస్తాలతో, దస్త్రాల కట్టలతో ఊటీకి తరలిపోయే ఏర్పాటు స్థిరపడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కాబట్టి, గుంటూరు ఎండలో పుట్టిన అర్జీ ఊటీ చలిలో పరిష్కారానికి నోచుకునేది, లేదా అక్కడే గడ్డకట్టేది. దొరలు వెళ్లిపోయినా పద్ధతి పోలేదు. నాడు కచేరీ యావత్తూ కొండెక్కేది, నేడు వంటిల్లు ఎక్కుతోంది.

ఈ వంటింటికి మూలవిరాట్టు ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు. దాని గిన్నెలో, జాగా వృథా కాకుండా, మూతికి గుడ్డ బిగించి కట్టిన ఆవకాయ సీసా, కందిపొడి పొట్లం, నేతి డబ్బా ఒదిగి ప్రయాణిస్తాయి. 'గదులలో వంట నిషిద్ధం' అన్న లాడ్జి బోర్డు కిందనే ప్లగ్గు కనిపించడాన్ని గృహస్థు దైవసంకల్పంగా భావించి కుక్కరు పెట్టిస్తాడు. అదే సమయంలో స్నానాల గదిలో గీజరు కూడా వెలగడంతో ఫ్యూజు పోయి, అంతస్తు మొత్తం చీకటవుతుంది. వరండాలోకి వచ్చిన తక్కిన గదులవారు కూడా తెలుగువారేననీ, వారిలో సగం మంది చేతుల్లో గరిటెలున్నాయనీ అప్పుడే వెల్లడవుతుంది.

కొండెక్కే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది 2005లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన కొండ రైలు. పట్టాల నడుమ అమర్చిన పళ్ల కమ్మీని ఇంజను పళ్ల చక్రం పట్టుకోవడం వల్ల అది ఏటవాలులో వెనక్కి జారకుండా, మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్లను దాదాపు అయిదు గంటల్లో ఎక్కుతుంది. ఆ అయిదు గంటలూ ఇంటి యజమాని, టాక్సీలో అయితే ఈపాటికి చేరిపోయేవాళ్లమని కుటుంబానికంతటికీ వినిపిస్తాడు. రెండవది ఆ టాక్సీయే. మద్రాసు హైకోర్టు ఆదేశం మేరకు 2024 మే 7 నుంచి దానికి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకోవలసిన ప్రవేశ అనుమతి, తప్పనిసరి అయింది. 2025 వేసవికి ఆ న్యాయస్థానమే మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలన్న పరిమితి కూడా విధించింది. అయినప్పటికీ ఘాట్ రోడ్డుపై నిలిచిపోయిన ప్రతి కారులోనూ వినిపించే సిద్ధాంతం ఒక్కటే: రద్దీ అంటే తాము కాక తక్కినవారు.

ఈ విచారణలో తేలిన అంశం సంక్షిప్తంగా ఇది. గవర్నరు కొండెక్కిన కాలంలో గుమాస్తాకు దక్కింది సెలవు కాదు, బల్ల మార్పు. అదే విధంగా, యజమాని ఆఫీసుకు చీటీ పెట్టి, పిల్లలు బడి మరచి, అత్తగారు మంకీ క్యాప్ ధరించి విశ్రమించే ఈ యాత్రలో ఇల్లాలు మాత్రం ఖర్చులతో సహా బదిలీపై వెళ్తుంది. పోపు అదే, గిన్నెలు అవే, కడిగే నీళ్లు మాత్రం మరింత చల్లన. కనుక వచ్చే వేసవికి టిక్కెట్లు తీసే గృహస్థులు కుక్కరును ఇంట్లోనే ఉంచడం మంచిది. ఊటీలో హోటళ్లు ఉన్నాయి; వాటిలో సాంబారన్నం దొరుకుతుంది.