ఎర్త్ గుంత తవ్వనివాడూ కరెంటాయనే

మా మేనల్లుడికి ముప్పై ఎనిమిదేళ్లు. పద్నాలుగేళ్లు ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పాడు. ఇప్పుడు బడి మానేసి కరెంటు పని నేర్చుకుంటానని హన్మకొండ నుంచి బండేసుకొచ్చాడు.

"బతుకుదెరువు దొరుకుతదా మామా?"

దొరుకుతది. నా మంటంతా అదే. పని రానోడికి కూడా దొరుకుతోంది మరి!

1974లో వరంగల్ చౌరస్తా దగ్గర ఉస్తాద్ వెంట చేరినప్పుడు, ఏడాదిపాటు నా చేతికి టెస్టర్ ఇయ్యలేదు. నిచ్చెన మోయడం, గోడకు తూట్లు కొట్టి చెక్కముక్కలు దిగ్గొట్టడం, చాయ్ తేవడం. బ్యాటన్ పట్టీ మీద క్లిప్పులు గీత గీసినట్టు రావాలి. వంకరొస్తే మొత్తం పీకించేవాడు. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. ఇప్పుడు ఏ చుట్టలో వైరు మిగిలితే అదే రంగు. మొన్న మా వీధిలో కొత్త ఇంటికి పోయి చూస్తే, పచ్చ వైరు మెయిన్ బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. బయట గుంతే లేదు! ఇంటినిండా మూడు పిన్నుల సాకెట్లు, మూడో రంధ్రం మాత్రం అలంకారానికి. ఆ పిల్లగాడిని అడిగితే "వీడియోల అట్ల చూపియ్యలే అంకుల్" అన్నాడు. అంకులట.

ఆ రోజుల్లో ఇంటికి నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక ప్లగ్గు. పని తక్కువ, అందుకే అందరి చూపూ కరెంటు బోర్డు ఉద్యోగాల మీద ఉండేది. 1959లో పుట్టిన ఆ బోర్డు 1999లో ముక్కలైంది. మనవైపు ఇప్పుడు నక్కలగుట్ట కరెంటాఫీసే దిక్కు. లైన్‌మన్ పోస్టులు పడితే పోలెక్కి చూపాలి, వయసు కూడా పరిమితి లోపల ఉండాలి. మావాడికి ఆ దారి మూసినట్టే. ఐటీఐకి వయసు పట్టింపు లేదు, ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. చదువు సంగతి వాడు చూసుకుంటాడు. నా బెంగ ఇంకొకటి.

1934లో పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డాక, నలభై దాటినవాళ్లు కొందరు నా దగ్గరికొచ్చారు. ఉత్త చేతులతో రాలేదు. మోటరు చప్పుడు విని బేరింగు పోయిందని చెప్పగలిగినవాళ్లు. నా దగ్గర అప్పుడు పద్దెనిమిదేళ్ల పోరగాడు వైరింగు చూసేవాడు. వాడు పైనుంచి "కటింగ్ ప్లేయర్ అందియ్యి" అంటే వీళ్ల మొహాలు మాడిపోయేవి. నెల తిరక్కుండా తలా ఒక ఆటో కొనుక్కున్నారు. ఒక్కాయన మాత్రం నోరెత్తకుండా ఆరు నెలలు నిచ్చెన పట్టి, మెల్లగా మోటరు వైండింగు నేర్చుకున్నాడు. నర్సంపేట వైపు బోరు మోటర్లు కాలినన్నాళ్లూ ఆయన కొట్టు ముందు లైనే.

మేనల్లుడికి ఇదంతా చెప్తే నవ్వి, సోలార్ గురించి ఎత్తుకున్నాడు. 2024లో కేంద్రం సూర్యఘర్ పథకం పెట్టింది, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ, మిద్దెమిద్దెకూ పని. నిజమే, కాదనను. కానీ మెయిన్ ఆపితే మా కాలపు కరెంటు చచ్చి ఊరుకునేది. మిద్దె మీది ప్యానెల్ అలా కాదు, ఎండ ఉన్నంతసేపూ దాని తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. అందులోనూ అది డీసీ, లోడు మీద ప్లగ్గు లాగితే మంట అంత తేలిగ్గా తెగదు. ఈ ముక్క చెప్పేసరికి లెక్కల సారు మొదటిసారి నోట్‌బుక్కు తీశాడు.

"నోట్‌బుక్కు జేబుల పెట్టురా అల్లుడా, గడ్డపార తే" అన్నాను. మా ఇంటి పాత ఎర్తింగు తుప్పుపట్టి చాన్నాళ్లయింది. ఎనిమిదడుగుల గుంత తవ్వాలి, పైపు దింపాలి, చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేయాలి. మూడడుగులకే చెమటలు కారి ఆగాడు.

"ఇంకెంత మామా?"

"ఇంకా తడిమట్టి రాలేదు."

చొక్కా విప్పి కొమ్మకు తగిలించి మళ్లీ దిగాడు. నేను కుర్చీ నీడలోకి జరుపుకున్నాను.