ఇరుసు తాళ పద్యం: నార్తాంప్టన్ టీకా తాత్పర్యం

మూలం:

బురద యెపుడొ వచ్చు పొరుగూరి దారికై
తాళమున్న యిరుసు దాచుకొనుము
సగము పట్టుదాని సావాస మేలరా
జోడు తొడుగు ముందు, చూడు పిదప.

అవతారిక. గ్రంథం ఎవరికోసమో ముందే తేల్చడం వ్యాఖ్యాతల ఆనవాయితీ. తేల్చకపోతే చదివినవాడల్లా వెళ్లి కొనేస్తాడు. ఈ పద్యానికి అధికారి ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉన్న తెలుగు గృహస్థు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ బండి ఎమ్1 రహదారి మీదా, ఆఫీసు పార్కింగులోనూ, బియ్యం బస్తాల కొట్టు ముందూ ఉంటుంది. రాళ్లగుట్టలు ఎక్కే వీరుడికీ, పొలం చేసే రైతుకీ ఇక్కడ అధికారం లేదు. వాళ్లకేం కావాలో వాళ్లకి తెలుసు. ‘యెపుడొ’ అన్న మాటలో కవికి ఈ జిల్లా సంగతి బాగా తెలుసని రుజువవుతోంది. ఇంగ్లండ్‌లో రికార్డుకెక్కని పాత బండిబాటల మీద మోటారు హక్కుల్ని చాలావరకు 2006 నాటి చట్టం తీసేసింది గనక, మనం వెతుక్కుంటూ వెళ్లే బురద తక్కువ. తనంతట తాను ఎదురొచ్చే బురదకి మాత్రం కొదవ లేదు. ఊరికి సుమారు పాతిక కిలోమీటర్లలో ఉన్న సిల్వర్‌స్టోన్‌లో 2000లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీ కారు పందేన్ని జులై నుంచి ఏప్రిల్‌కి జరిపారు. వాన పట్టుకుంది, పార్కింగ్‌కి ఇచ్చిన పచ్చిక మైదానాలు ఊబి అయ్యాయి, శనివారం వాటిని మూసేశారు. బంకమట్టి మీద పచ్చగడ్డి, దానిమీద వాన: ఈ గృహస్థుడి ఆఫ్‌రోడ్ అంతా అంతే.

‘ఇరుసు’ అంటే మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న ఇరుసు అని అర్థం. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి గనక రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. 1820ల చివర్లో ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచివాడు దీనికి పేటెంటు తీసుకున్నాడు. వేగం పంచడంలో ఉన్న ఈ ఉదారత బలం పంచడంలో ఉండదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానమైన టార్కే ఇస్తుంది. ఉదాహరణకి ఎడమ చక్రం కింద తడి బంకమట్టి 200 న్యూటన్ మీటర్లకి మించి ఆపుకోలేదనుకుందాం. గట్టి నేల మీదున్న కుడి చక్రం 1500 మోయగలిగినా దానికీ 200 మాత్రమే అందుతుంది. మొత్తం 400. బండి కదలదు, ఎడమ చక్రం గిరగిర తిరుగుతూ గొయ్యి తవ్వుతుంది. తాళం వేస్తే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి; అప్పుడు ఎడమ 200, కుడి 1500, మొత్తం 1700 దాకా నేల ఎంత పడితే అంత. ‘దాచుకొనుము’ అన్న క్రియ మీదే ఈ పద్యం భారమంతా ఉంది. అక్కర్లేనప్పుడు స్విచ్ ఆపేస్తే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు డిఫరెన్షియల్‌లాగే ఉండాలి అని భావం.

‘సగము పట్టుది’ అనగా లిమిటెడ్ స్లిప్. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: ‘అప్పుడప్పుడు బురదలో దిగేవాడికి తాళం అతి కాదా? లిమిటెడ్ స్లిప్ మధ్యేమార్గం కదా?’ వినడానికి సబబుగానే ఉంది, లెక్క మాత్రం ఒప్పుకోదు. టోర్సెన్ వంటి గేర్ టైపుది, నిష్పత్తి మూడు అనుకుంటే, జారే చక్రం ఆపుకున్న దానికి మూడు రెట్లు రెండో చక్రానికి ఇస్తుంది: 200, 600, మొత్తం 800. తడి గడ్డి మీద ఇది చాలవచ్చు. గట్టు ఎక్కేటప్పుడు ఒక చక్రం గాలిలోకి లేచిందో, సున్నాకి మూడు రెట్లు సున్నాయే. బ్రేకు కాస్త తొక్కి ఆ చక్రానికి దొంగ బరువు కల్పించే కిటుకు ఉంది, పనిచేస్తుంది కూడా. అయితే చేతిలో స్టీరింగూ, కాళ్ల కింద రెండు పెడళ్లూ ఉన్న ఆ క్షణంలో ఈ కిటుకు గుర్తొచ్చేది రోజూ అభ్యాసం చేసేవాడికి, మన అధికారికి కాదు. క్లచ్ ప్లేట్ల టైపుకి ముందే పెట్టిన బిగువు ఉంటుంది గనక సున్నా దగ్గర పూర్తిగా చేతులెత్తేయదు. ఆ ప్లేట్లు మాత్రం రోజువారీ మలుపుల్లో అరుగుతూనే ఉంటాయి, దాని నూనె కూడా వేరు. ఏడాదికి నాలుగు బురద రోజుల కోసం మిగతా రోజులన్నీ తడి రౌండ్‌అబౌట్ల మీద దాని స్వభావాన్ని భరించాలి. ‘సావాసము’ అని కవి ఏరి వేసిన మాట ఇందుకే. తాళం పిలిస్తేనే వస్తుంది, లిమిటెడ్ స్లిప్ కాపురం పెడుతుంది. గేర్ టైపు రోడ్డు మీద మర్యాదగా ఉంటుందని ఒప్పుకోవాలి. తారు మీద వేగంగా పోవడమే ముఖ్యమైనవాడికి అదే మంచిది. ఆ మనిషికి ఈ పద్యంతో పని లేదు.

మరో శంక: ‘ఈ కాలపు బండ్లలో జారే చక్రానికి కంప్యూటరే బ్రేకు వేస్తుంది కదా?’ వేస్తుంది, మారుతీ జిమ్నీలో ఉన్నది అదే. చాలామందికి అదే చాలు, వాళ్లు ఏమీ కొననక్కర్లేదు. కాని ఆ పద్ధతికి చక్రం ముందు జారాలి, తరవాత బ్రేకు పడాలి. ఇంజన్ బలంలో కొంత బ్రేకుల వేడిగా పోతుంది. ఊబిలో మొదటి జారుడే గోతికి పునాది. 2020 థార్ బండ్లలో కొన్నిటి వెనక ఇరుసుకి తనంతట తానే బిగుసుకునే తాళం ఇచ్చారు. దాచుకున్న తాళమే గాని, తాళంచెవి డ్రైవరు చేతిలో లేదు.

‘తాళం వేసి తిప్పితే బండి తిరగదు, యాక్సిల్ షాఫ్ట్ తెగుతుంది’ అంటారు. నిజమే. ఒక్క చక్రమే పట్టు దొరికించుకున్నప్పుడు ఇరుసు బలమంతా ఒక్క షాఫ్ట్ మీదే పడుతుంది. తారు మీద తాళం వేసి మలుపు తిరగడం ఇరుసుని మెలితిప్పడమే. దీనికి సమాధానం గోదావరి జిల్లాలో దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవర్‌ని చూస్తే దొరుకుతుంది. డిఫ్ లాక్ పెడల్ మడమ దగ్గరే ఉంటుంది. చక్రం జారగానే తొక్కుతాడు, చాలు తిన్నగా ఉన్నంతసేపే ఉంచుతాడు, గట్టు దగ్గర తిప్పే ముందు కాలు తీస్తాడు. ఖర్చు విషయంలోనూ పూర్వపక్షి అనుకున్నంత తేడా లేదు. లిమిటెడ్ స్లిప్ పెట్టినా, తాళం పెట్టినా డిఫరెన్షియల్ విప్పాల్సిందే, క్రౌన్ వీల్‌కీ పినియన్‌కీ మధ్య సందు మళ్లీ సరిచూడాల్సిందే; కూలి సమానం. గాలితో పనిచేసే తాళానికి కంప్రెసరూ, పైపూ అదనం. రెండిట్లో ఏది పెట్టినా ఇన్సూరెన్సువాళ్లకి చెప్పాలి.

‘జోడు’ అనగా ఇక్కడ టైర్లు. ఈ ఊళ్లో ఆ మాట వాడటం ఔచిత్యమే. నార్తాంప్టన్ చెప్పులు కుట్టి బతికిన ఊరు, ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుని ఇప్పటికీ ‘కాబ్లర్స్’ అనే పిలుస్తారు. 1700 అన్న లెక్కలో 1500 నేలా టైరూ కలిసి ఇచ్చినవే గాని తాళం ఇచ్చినవి కావు. అరిగిన రోడ్డు టైర్లతో ఆ 1500 కాస్తా 300 అయితే తాళం వేసి సాధించేది 500. ఆల్ టెర్రైన్ టైర్లు వేయించి, మైదానంలో దిగేముందు గాలి కొంత దించితే సగం మందికి తాళం ఆలోచనే రాదు. తారు ఎక్కగానే గాలి మళ్లీ కొట్టించుకోవాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో ఈ ఊళ్లోనే ఉన్న కాస్‌వర్త్ కంపెనీ 1969లో తెలుసుకుంది. రాబిన్ హెర్డ్ రూపకల్పనతో నాలుగు చక్రాలకీ బలమిచ్చే ఫార్ములా వన్ కారు ఒకటి తయారుచేశారు. పరీక్షించారు, పందెంలో ఒక్కసారి కూడా దించలేదు. అప్పటికే వెడల్పాటి టైర్లూ రెక్కలూ రెండు చక్రాల డ్రైవ్‌కే కావలసినంత పట్టు ఇస్తున్నాయి; అదనపు గేర్లు, షాఫ్టుల వల్ల మిగిలింది బరువే.

చివరిగా వ్యాకరణ విశేషం. ‘ఇరుసు’ ఏకవచనం. ముందుదా, వెనకదా అని వ్యాఖ్యాతలు కొట్టుకోనక్కర్లేదు. గట్టు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, పట్టు ఎక్కువ దొరికేది వెనక చక్రాలకే. ముందు ఇరుసుకి తాళం వేస్తే స్టీరింగ్ మొండికేస్తుంది. కనుక ఒక్కటే, వెనకదే. నెలకోసారి బండి తిన్నగా పోతున్నప్పుడు పచ్చికమీద కాసేపు దాన్ని వేసి తీస్తుండాలి, లేకపోతే అక్కర పడ్డనాడు స్విచ్ నొక్కినా అది లేవదు.