చర్చల రోజుల్లో: ఒక పల్లెవెలుగు ఆత్మకథ

నేను పల్లెవెలుగు బస్సుని. నర్సీపట్నం నుంచి రోలుగుంట, కొత్తకోట, రావికమతం, వడ్డాది మీదుగా చోడవరం పోయే దారి నాది. జనం దాన్ని బీఎన్ రోడ్డు అంటారు. ఆ దారిలో గోతులెక్కడున్నాయో నా కమానుపట్టీలకు తెలుసు, నా డ్రైవరు నడుముకు తెలుసు. 2012లో హైదరాబాదు మియాపూర్‌లో నాకు బాడీ కట్టారు. అప్పటికి రాష్ట్రమూ ఒకటే, ఆర్టీసీ కూడా ఒకటే.

నా డ్రైవరు సీటు ఒకసారి చూడండి. స్ప్రింగు కుంగిపోతే పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టి పరిచాడు. పక్కనే ఇంజను. ఏప్రిల్, మే నెలల్లో బానెట్ మీద చెయ్యి ఆనించలేరు. ఆ సెగ పక్కనే కూర్చుని, ఎడమ కాలితో క్లచ్ తొక్కుతూ, చెరకు లోడుతో వచ్చే ట్రాక్టర్లను తప్పించుకుంటూ నడపాలి. రాత్రి ఏదైనా ఊళ్ళో హాల్టు పడితే నా వెనక సీటు మీదే దోమల చక్రం వెలిగించుకుని పడుకుంటాడు. తెల్లారకముందే లేచి ఫస్ట్ ట్రిప్పు తీయాలి. జీతాల చర్చ అనగానే అందరూ శాతాల గురించే మాట్లాడతారు. ఆ శాతాలు ఈ సీటు దగ్గర మొదలవుతాయని నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

2015 ఏప్రిల్ చివర్లో డిపో గేటు దగ్గర ఎర్రజెండాలు కట్టారు. డ్యూటీ చార్టు పక్కన సమ్మె నోటీసు అంటించారు. తెల్లవారుజామున గేట్ మీటింగ్ పెట్టేవారు. ఫస్ట్ సర్వీసు తీయాల్సిన వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నా చుట్టూ నిలబడి మాట్లాడుకునేవారు. అడిగింది 43 శాతం ఫిట్‌మెంట్. అంటే కొత్త వేతన స్కేలు వేసేటప్పుడు పాత మూల వేతనం మీద కలిపే పెంపు. ప్రభుత్వ ఉద్యోగులకు అంతే ఇచ్చారు కదా, మాకెందుకివ్వరని వాళ్ళ ప్రశ్న. సంస్థ నష్టాల్లో ఉందని యాజమాన్యం జవాబు.

నష్టాల మాట అబద్ధమని నేననను. డీజిల్ ధర నా ట్యాంకుకు తెలియంది కాదు. కానీ అడవి అంచు ఊళ్ళకు పది మంది కోసం పోయే ట్రిప్పు లాభం కోసం పెట్టింది కాదు, అది ప్రజలకు చేసే సేవ. ఆ లోటును డ్రైవరు జీతంలోంచి పూడ్చుకోవాలనడం ఎలా న్యాయం?

మే 6న సమ్మె మొదలైంది. నేను గ్యారేజీలో ఆగిపోయాను. మే 8న మన ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ పరీక్ష. పల్లెల పిల్లలు ఆటోలకు, జీపులకు అడిగినంత ఇచ్చి పోవాల్సి వచ్చింది. వాళ్ళ ఇబ్బంది నిజం, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అయితే ఆ పాపాన్ని డ్రైవరు ఒక్కడి మీదే వేయడం ధర్మం కాదు. అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ప్రజావసర సేవల్లో సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసివ్వాల్సి ఉండేది. ఆ గడువు పెట్టిందే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి. ఆఖరి రోజు దాకా నాన్చితే రోడ్డున పడేది ప్రయాణికుడే.

మే 13న ఒప్పందం కుదిరింది. ఇక్కడ 43 శాతం, తెలంగాణలో 44 శాతం. మర్నాడు నా డ్రైవరు అద్దం తుడిచి, స్టీరింగుకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నాడు. రావికమతంలో ఓ ముసలమ్మ మెట్టెక్కుతూనే, “ఏటి బాబూ, ఇన్నాల్లూ ఏటైపోనారు? బెంగెట్టేసుకున్నాను” అంది. “జీతాల కోసం మామ్మా” అన్నాడు. “ఇచ్చీసినారా మరి?” అని అడిగి, ఔనంటేనే సీట్లో కూర్చుంది.

నాకు బాడీ కట్టిన గడ్డ మీద 2019లో జరిగింది వేరు. అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు, సుమారు 48 వేల మంది, సమ్మెకు దిగారు. డ్యూటీకి రానివాళ్ళు తమను తామే తొలగించుకున్నట్టని ప్రభుత్వం ప్రకటించింది. సమ్మె 52 రోజులు సాగింది. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి యూనియన్లే విరమించాయి. నవంబరు 28న మంత్రివర్గం వాళ్ళను వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. ఆపైన రెండేళ్ళు యూనియన్ ఎన్నికలు లేవన్నారు, వాటి స్థానంలో సంక్షేమ మండళ్ళు పెట్టారు. ఉద్యోగాలు దక్కాయి గానీ, మాట్లాడే గొంతు పోయింది.

మా వైపు 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేశారు. ఆ రోజు డిపోలో మిఠాయిలు పంచారు. జీతానికి భరోసా వచ్చింది, అది చిన్న సంగతి కాదు. కానీ యాజమాన్యంతో ప్రత్యేకంగా కూర్చుని చేసుకునే వేతన ఒప్పందం ఇక లేదు. రాష్ట్ర ఉద్యోగుల వేతన సవరణ సంఘం, అంటే పీఆర్సీయే, వీళ్ళకూ వర్తిస్తుంది. 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించినప్పుడు ఆర్టీసీ సంఘాలు కూడా మిగతా ఉద్యోగులతో కలిసి ఫిబ్రవరి సమ్మెకు సిద్ధమయ్యాయి. ఆ సమ్మె మొదలవకముందే రాజీ కుదిరింది.

ఒక ప్రయాణికుడు సీట్లో వదిలేసిన పేపర్లో విమాన పైలట్ల కథ చదువుతుంటే నా డ్రైవరు మొహం మారింది. 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు మే నుంచి జూలై 3 దాకా 58 రోజులు సమ్మె చేశారు. యాజమాన్యం వాళ్ళ సంఘం గుర్తింపు రద్దు చేసింది, చాలామందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళి సాధించుకున్న విశ్రాంతి నిబంధనలకు సరిపడా ఆ సంస్థ ఏర్పాట్లు చేసుకోలేదు. వారానికి 48 గంటల విశ్రాంతి అందులో ఒకటి. విమానాలు ఆగగానే ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల్లో కొంతకాలం సడలింపు ఇచ్చారు.  “లక్షల జీతమున్నోడికీ నిద్రే ముఖ్యం” అన్నాడు నా డ్రైవరు కండక్టరుతో.

అతనన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నిద్రలేని కళ్ళకు ఆకాశమైనా ఒకటే, బీఎన్ రోడ్డైనా ఒకటే. అందుకే పని గంటల మాటను జీతం మాటకు వెనక పెట్టకూడదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం. మంచి పథకం. కూలికి పోయే అమ్మలు, కాలేజీకి పోయే అమ్మాయిలు నాలో నిండుగా ఎక్కుతుంటే నాకు సంతోషం. అంత జనంతో మెట్ల దాకా నిండిన బండిని నడిపేవాడికి ఆ రద్దీకి తగ్గ విశ్రాంతీ, తగ్గ సిబ్బందీ కావాలి. పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండ్లను తుక్కుకు పంపాలని 2023 నుంచి నిబంధన ఉంది. నాకు ఇక ఎంతో కాలం లేదు. నా తరవాత వచ్చేది కరెంటు బస్సే అయినా దాని సీట్లోనూ మనిషే కూర్చోవాలి.

ఈసారి సమ్మె నోటీసు వచ్చిందని పేపర్లో చూస్తే, బస్సు ఆగేదాకా ఊరుకోకండి. ఆ నోటీసు గడువులోనే చర్చలు ఎందాకా వచ్చాయని మీ ఎమ్మెల్యేని అడగండి.