వనవాసార్థి

పూర్వము వనవాసమునకు పోవలెనన్నచో కైకవంటి సవతితల్లియో, జూదమాడు అన్నగారో కావలసియుండెను. ఈ కాలమున పదవీవిరమణ పత్రమొకటి చాలును. హనుమకొండలో నయీంనగరము మొదలు సుబేదారి వరకు ఏ వీధిలోనైనను, తెల్లవారుజామున పాలపొట్లముతో ఇంటికి మరలుచున్న అరువదేండ్ల పెద్దమనిషిని ఆపి కుశలమడిగి చూడుడు. ఈ పొగలో, ఈ హారనుల మోతలో, ప్రక్కయింటివాని మూడవ అంతస్తు నీడలో మనుష్యుడు బ్రతుకుట దుర్లభమనియు, అడవిలో నాలుగెకరములు కొని, ఆకుల సందున చిన్న యిల్లొకటి కట్టుకొని, శేషజీవితమును పక్షికూజితముల నడుమ గడుప నిశ్చయించితిననియు ఆయన సెలవిచ్చినచో, మీకు వనవాసార్థి దర్శనమైనదని గ్రహింపవలెను.

ఈ కోరిక ఊరక పుట్టినది కాదు. ముప్పదేండ్లు ఫైళ్లమీది దుమ్ము నూదినవానికి చేతిలో పైకమును ఎదుట కాలమును ఒక్కసారి వచ్చిపడినప్పుడు సప్తసంతానములు జ్ఞప్తికి వచ్చును. పుత్రుడు కలడు, డల్లాసులో నున్నాడు. ధననిక్షేపము కలదు, పోస్టాఫీసులో నున్నది. తటాకములను కాకతీయులు మనకు పని మిగులకుండ కట్టించి పోయినారు. దేవాలయము నిమిత్తము కాలనీ సంఘమువారు రసీదు పుస్తకముతో వచ్చినప్పుడు నూటపదహార్లు సమర్పించుట జరిగినది. కృతి యొకటి రచించి, అచ్చు వేయించి, మిత్రులకు పంచినాడు, వారెవ్వరును తిరిగి యీయలేదు గనుక చదువుచున్నారనియే నమ్మవలెను. అగ్రహారము లిచ్చు కాలము గతించినది. ఇక మిగిలినది వనమొక్కటియే. శాస్త్రము వనమును నాటుమన్నదే గాని కొనుమనలేదు గదా యని ఎవరైన ఆక్షేపించినచో, నాటిన మొక్క నీడనిచ్చుటకు పదేండ్లు పట్టుననియు, అంత వ్యవధి తనకు లేదనియు ఆయన సమాధానము.

కొనదలచిన అడవి ఎట్లుండవలెనో ఆయనకు మిక్కిలి స్పష్టముగా తెలియును. అది నిబిడారణ్యమై యుండవలెను, కాని తారు రోడ్డునకు ఫర్లాంగు దూరము మించరాదు. నెమళ్లు కూయవలెను, పాము లుండరాదు. మనుష్య సంచారము లేకుండవలెను, కాని పనిమనిషి దొరకవలెను. త్రీఫేజు కరెంటును, డల్లాసు ముఖము చెదరకుండ కనబడునంత సిగ్నలును, ఎంజీఎం ఆసుపత్రికి ముప్పావుగంటలో చేరు సదుపాయమును ఉండవలెను. ఇవియన్నియు అమరిన పిమ్మట, ఈశాన్యము పల్లమై నైరుతి మెట్టయై వాస్తుకు లొంగవలెను. ఈ పట్టికను ఇల్లాలు ఒక్కసారియే విన్నది. "మీరు పోయి ఉండుండ్రి, నేనద్దంటనా? పాలాయన వచ్చే తాన నేనుంట" అని ఆమె వంటింటిలోనికి పోయినది. మరల ఆ ప్రసంగమున పాల్గొనలేదు.

ఆదివారము వచ్చినదా, కారు ములుగు రోడ్డు పట్టును. డిక్కీలో కొలతటేపు, దిక్సూచి, పులిహోర డబ్బా, నీళ్లు చూచువానికై పీచు తీయని కొబ్బరికాయ. వెనుక సీటులో 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలు నేటివరకు నకళ్లు. మల్లంపల్లి హోటలు వద్ద దళారి. ఆకు చూచి చెట్టు పేరు చెప్పుమన్నచో మద్దిని టేకనియు, తునికిని మామిడియనియు చెప్పగల ఆయన, సర్వే నంబరు వినినంతనే కాస్తు గడిలో నెవరున్నారో, ఎన్నడు విరాసత్తయినదో, అన్నదమ్ములలో సంతకము చేయక మొండికెత్తినవాడెవడో ధారాళముగా చెప్పును.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఓరుగంటి సీమలో నిజమైన అడవి పాకాల, తాడ్వాయి, ఏటూరునాగారముల దిక్కున ఇంకను మిగిలియున్నది. వేసవిలో ఇప్పపూవు రాలును, వాన పడినచో నేల వాసన మోకాలిదాక లేచినట్లుండును, కారు దిగి నిలిచిన వనవాసార్థికి కండ్లు చెమర్చును. కాని ఆ చెట్లు సర్కారువి. మొదటిసారి పోయినప్పుడు పశువుల కాపరి యొకడు ఆ సంగతిని సూటిగనే చెప్పినాడు: "గా చెట్లు ఫారెస్టోళ్లయి సారూ. ఈ కట్టె పుల్ల గూడ మాది గాదు."

అడవి యంచున సాగుభూములు లేవా యనిన, కలవు. కాని ఏటూరునాగారము, తాడ్వాయి, కొత్తగూడ మొదలగునవి ఏజెన్సీ సీమలు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణను జనులు వన్ ఆఫ్ సెవెంటీ యందురు. దాని ప్రకారము అక్కడి భూమి, అమ్మువాడు గిరిజనుడైనను కాకున్నను, గిరిజనేతరుని చేతికి పోరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద పోడుభూమికి వచ్చిన పట్టా వారసులకు చెందునే గాని అమ్ముడుపోదు. పేదలకు పంచిన అసైన్డు భూమిని కొనుట 1977 చట్టము చేత నిషిద్ధము. మిగిలినది చెరువు శిఖమైనచో, వానకాలమున పడవ వేసికొని కాపురము చేయవలెను. అనగా, చెట్టున్నచోట పట్టా లేదు, పట్టా ఉన్నచోట చెట్టు లేదు. ఈ సూత్రము నింత చక్కగా నిర్మించినవారు ఒక్కరు కారు, ఒక్కనాడు కాదు. కాని వనవాసార్థి దీనిని కేవలము తనపై పన్నిన కుట్రగా భావించును.

అప్పు పేరను ఉప్పు పేరను కోయవాని చేలు పరులపాలగుచుండుట చూచి పుట్టిన శాసనము ఆ వన్ ఆఫ్ సెవెంటీ. ఆ పరుల జాబితాలో తానును చేరుదునని విని ఆయన మిగుల నొచ్చుకొనెను. తాను ప్రకృతిప్రియుడనే గాని ఆక్రమణదారుడను కానని వాదించెను. ఆక్రమించుకొన్నవారిలో ప్రకృతిని ద్వేషించినవారెవ్వరో నే నెరుగను. దళారి మాత్రము ఇట్టి తాత్త్విక విచారమున కాలము పుచ్చువాడు కాడు. "సారూ, మీ తాన పని జేసెటోళ్లల్ల ఎస్టీలెవలన్న ఉన్నరా? వాళ్ల పేరు మీద వెడుదాం, తెల్ల కాయితం మీద రాసుకుందాం" అని మార్గము చూపెను. ఆయన తిరస్కరించెను. ధర్మబుద్ధిచేతనో, ఆ పనివాడు పిమ్మట భూమి తనదే యనునేమో యను భయముచేతనో నే నడుగలేదు.

పాకాల కట్టమీద నిలిచినప్పుడు వనవాసార్థి తప్పక ఉపన్యసించును. గణపతిదేవుని యేలుబడిలో జగదాల ముమ్మడి ఈ చెరువును కట్టించెననియు, ఆ మహనీయులు అడవుల నడుమ ఎంత ప్రశాంతముగా జీవించిరో యనియు ఆయన నిట్టూర్చును. ఆ మహనీయులు అడవిని చూచి నిట్టూర్చినట్లు నాకు తోచదు. నీరు నిలిపి, పొద నరికి, నేల సాపుచేసి, వరి పండించినవానికే ఆనాడు కీర్తి. అడవిలో కాపురముండుట దిక్కులేనివాని పని. పులిని చూచినవాడు పులిని స్తుతింపడు. స్తుతి యంతయు సుబేదారిలోనే జరుగును.

ఊరివారికి ఈయన సమస్య ఎంతకును బోధపడదు. మిరపతోటకు కావలి కాయుచున్న ముసలవ్వ యొకతె, సారు అడవిలో ఇల్లు కట్టునని దళారి చెప్పగా విని, చేతిలోని ఒడిసెల నేలపెట్టి చాలసేపు ఆయనను పరిశీలించెను. "అడవిల తినెటందుకు ఏం లేకనే గదా కోతులన్ని ఊర్ల మీద వడ్డయి. సారేమో ఊర్లె అన్ని వెట్టుకోని అడవికి పోతనంటుండు. ఇద్దర్ల ఎవలకో ఒకలకు తెలువదు" అని తేల్చి, ఒడిసెల మరల చేతబట్టుకొనెను. ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఆ రోజుననే హనుమకొండలో ఆయన డాబామీద ఆరవేసిన వడియములను ఒక మంద వచ్చి ముగించిపోయినదని ఇంటికి చేరినపిమ్మట తెలిసినది.

ఇట్లు తిరుగగా తిరుగగా ఎకరములు గుంటలైనవి. ధర పెరిగినకొలది వైరాగ్యమును పెరుగుచుండుటచే నాలుగెకరములు రెండైనవి, రెండు ఒకటైనది, తుదకు నర్సంపేట దిక్కున నొక ఊరి శివారులో 20 గుంటలు కుదిరినవి. గుంటకు 121 గజముల లెక్కన అది 2420 గజములు. పేరు అడవి కాకపోయినను, పట్టా శుద్ధముగా నుండెను. నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదు. అన్నింటికంటె వింత, చెట్లుండెను. రెండు ఇప్పలు, ఒక ముదురు వేప, గట్టువెంట మోదుగులు, నడుమ తీగలల్లుకొన్న పొద, పొదలో నొక కౌజుపిట్ట. వనవాసార్థి నోట మాట రాలేదు. దళారి ఆ మౌనమును చూచి గుంటకు ఐదువేలు పెంచెను. ఆయన అక్కడికక్కడే బయానా యిచ్చి, కాగితము వ్రాయించుకొని, కోడలి పురుటికని డల్లాసునకు పోయెను.

అమ్మినవాడు ఉత్తముడు. ఇంత మంచి సారునకు ముండ్లతోను పొదలతోను నిండిన భూమిని అప్పగించుట మర్యాద కాదని అతని మనసునకు తోచెను. సారు తిరిగివచ్చి, ఇల్లాలిని సయితము బలవంతమున వెంటబెట్టుకొని పోయి చూచునప్పటికి, అప్పగింతలనాడు పెండ్లికూతురికి తల గొరిగించి నిలువబెట్టినట్లున్నది భూమి. ఇప్పలు లేవు, వేప లేదు, మోదుగుల మొదళ్లు సయితము పెకలింపబడినవి. "మీరచ్చేసరికి సాపు జేపిచ్చిన సారూ. జేసీబీ కిరాయి నేనే వెట్టుకున్న, మీరేం ఇయ్యద్దు. గిప్పుడు సూడుండ్రి, ఆ గెట్టు కాన్నుంచి ఈ గెట్టు దాంక బొంగరం ఇడిస్తె ఆగకుంట పోతది" అని అతడు సంతోషమున చేతులు నలుపుకొనుచు నిలిచెను. ఇల్లాలు మాత్రము, ఇన్నాళ్లకు మనిషి నిలువగల జాగా చూపించినారని మెచ్చుకొన్నది.

బయానా ముట్టినది గనుక వెనుదిరుగుటకు వీలులేదు. తహసీలుదారు కార్యాలయములో వేలిముద్రలు పడినవి, పాసుపుస్తకము వచ్చినది, వనవాసార్థి చట్టరీత్యా రైతైనాడు. అంతియే కాదు, 2018లో మొదలైన రైతుబంధు పైకము, ఎన్నడును నాగలి ముట్టని ఆయన ఖాతాలోనికి వచ్చి చేరినది. దున్నుచున్నవాడు కౌలుదారుడగుటచే అతనికి రాలేదు. కౌలుకు తీసికొన్నది మరెవ్వరో కాదు, అమ్మినవాడే. ఆ నేలలో పత్తి వేసినాడు. బోరు వేయించుమని అడుగుచున్నాడు.

కౌలు పైకము ఆదివారముల డీజిలుకు సరిపోవుచున్నది. ఇప్పుడు కారు భూపాలపల్లి దాటి మహాదేవపురము రోడ్డున పోవుచున్నది, పులిహోర డబ్బాయు కొబ్బరికాయయు యథాస్థానమున నున్నవి. ఈ పర్యాయము ఆయన జాగరూకుడై, చెట్టు కొట్టరాదు, పొద ముట్టరాదు అని బయానా కాగితములో ముందుగనే షరతు వ్రాయించుచున్నాడు. దళారి ఆ వాక్యమును రెండుసార్లు చదివించుకొని, కొంత యోచించి, చెట్లతో కూడ ఇచ్చుటయైనచో గుంటకు మరి పదివేలు అధికమగునని చెప్పినాడు.