మస్టర్లో పేరైనా ఉండేది

మా రోజుల్లో షిఫ్టు దిగేటప్పుడు చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు, గొంతులో దుమ్ము జారిపోతుందని. మాకు తెలిసిన రక్షణ అదొక్కటే. సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో నాది బస్తాలు కోసే పని. కత్తితో గోనె చీల్చి రాతినార, అదే ఆస్‌బెస్టాస్, దులిపితే ఆ షెడ్డంతా దూదేకే కొట్టులా తెల్లబడిపోయేది. కనుబొమల మీద, మీసాల మీద తెల్లటి నూగు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ చొక్కా వాకిట్లో దులిపి ఉతికేది. ఆమె ముక్కులోకి ఎంత పోయిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే మా రోజులే బాగుండేవని నేననను. ఊపిరితిత్తుల్లో దిగిన నార అక్కడే ఉండిపోతుంది. ఇరవై ఏళ్ళకో, నలభై ఏళ్ళకో కేన్సరై బయటపడొచ్చు. నాతో బస్తాలు కోసినవాడికి రిటైరైన చాన్నాళ్ళకు ఆయాసం పట్టుకుంది. ఆస్పత్రిలో "బీడీలు తాగుతావా?" అని అడిగి రాసుకున్నారు. తాగేవాడు, నిజమే. బతుకంతా ఏం పని చేశావని మాత్రం ఎవరూ అడగలేదు. పొగా, రాతినారా కలిస్తే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందే, రెండోదాన్ని కాగితం మీద పెట్టకపోతే ఎలా?

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతే పట్టుకుంది. రాతినార పనివాళ్ళ ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా మానేశాక 15 ఏళ్ళు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా దాచాలంది. ఆ జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో తెలిసి చెప్పిన మాట అది. మాకు మాస్కు లేదు గానీ మస్టర్లో పేరుండేది, ఈఎస్‌ఐ కార్డుండేది, అడగడానికి యూనియనుండేది. ఇప్పుడు గోడల నిండా బోర్డులు, బస్తాలు కోయడానికి మిషన్లు వచ్చాయి. చాలా సంతోషం. మరి ఆరు నెలలకో కాంట్రాక్టరు కింద పనిచేసే కుర్రాడి ఎక్స్‌రే 40 ఏళ్ళపాటు ఎవరి బీరువాలో ఉంటుంది?

మన పులివెందుల చుట్టుపక్కలా ఈ నార తవ్వేవాళ్ళు. 1986లోనే దేశంలో రాతినార గనులకు కొత్త లీజులు ఆపేశారు. దిగుమతి మాత్రం ఆపలేదు. తవ్వేవాడికి చెరుపు చేసేది కోసేవాడికి చెయ్యదా?

మొన్న మా సందులో ఇద్దరు కుర్రాళ్ళు పాత రేకుల్ని గ్రైండరుతో కోస్తున్నారు. మూతికి చేతిరుమాళ్ళు కట్టుకున్నారు. ఆ గుడ్డ ఈ నారను ఆపలేదు. "ఆపండ్రా, రేకు తడిపి చేతి రంపంతో కోయండి" అని అరిచాను.

"ఏం కాదు తాతా, రోజూ చేసేదేగా."

"ఎవరి దగ్గర పని?"

"ఇవాళ ఇక్కడ. రేపు మేస్త్రి ఎక్కడికి రమ్మంటే అక్కడికి."

గ్రైండరు ప్లగ్గు పీకించి, ఇంట్లోంచి బకెట్టు తెచ్చి, ఆ రేకుల మీద నేనే నీళ్ళు పోశాను.